సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య: వరదకు వాకిలి కట్టిన ఇంజనీరు

నీరు ప్రాణాధారం. హద్దు దాటిన నాడు అదే నీరు ప్రాణాంతకం. ఈ రెండింటికీ నడుమనున్న గీత ఎక్కడిదో గుర్తించి, నీరు ఆ గీతను దాటిన క్షణాన మానవ హస్తం తోడు లేకుండానే తెరుచుకొనే తలుపును నిర్మించిన భారతీయ ఇంజనీరు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. మైసూరు దివానుగా, కృష్ణరాజ సాగర నిర్మాతగా, భారతరత్నగా దేశం ఆయనను స్మరిస్తున్నది. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని ఏటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నది. అయితే బిరుదుల వెనుక మరుగుపడిన ఒక విశేషం విద్యార్థులు తప్పక గ్రహింపదగినది. ముందుగా ఊహింపరాని విపత్తును ఎదుర్కొనవలసి వచ్చినప్పుడు ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఊరకుండాలి, ఎంతవరకు తన శక్తిని నమ్ముకోవాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఆయన వృత్తి జీవితానికి సారాంశం. ఆ సమాధానం వలన ఎక్కువ మేలు పొందిన నగరాలలో మన హైదరాబాదు ఒకటి.

విశ్వేశ్వరయ్యగారు 1861 సెప్టెంబరు 15వ తేదీన మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వారి పూర్వీకులు నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుండి మైసూరు సీమకు తరలివెళ్ళినవారు. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఈ విధంగా ఆ మహనీయుని మూలం తెలుగు నేలలో ఉన్నది. బాల్యంలోనే పితృవియోగం కలగడం వలన చదువు సాగడమే కష్టమయింది. బెంగుళూరులో మేనమామ ఆశ్రయంలో ఉంటూ, పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించిన కొద్దిపాటి ధనంతో సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పట్టా పుచ్చుకొన్నారు. అనంతరం మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో పూనాలోని సైన్సు కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1883లో బొంబాయి రాజధాని పరీక్షలలో ప్రథమ స్థానం సంపాదించారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ప్రవేశించారు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకునికి నీటితోనే తొలి పరీక్ష ఎదురయింది. ఖాందేశ్ జిల్లాలో ఒక వాగు అడుగుగా గొట్టపు కాలువ నిర్మించే పని ఆయనకు అప్పగించారు. వానలు కురిసి వాగు పొంగి, తవ్విన చోటనెల్లా ఇసుక మేట వేసింది. వర్షాకాలం ముగిసే వరకు పని నిలుపుదల చేయడం మేలని యువ ఇంజనీరు భావించారు. పై అధికారికి ఆ అభిప్రాయం రుచించలేదు. చివరకు విశ్వేశ్వరయ్యగారు ఆ ప్రతికూల పరిస్థితులలోనే పని పూర్తి చేసి చూపించారు. వాగు ఎప్పుడు పొంగుతుందో చెప్పలేము, కనుక పొంగును తప్పించుకొనడం గాక, పొంగినా నిలిచే విధంగా పని నడపడమే ఇంజనీరు కర్తవ్యమన్న పాఠం తొలి యేళ్ళలోనే ఆయనకు లభించింది.

1894 ప్రాంతంలో సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి వసతి కల్పించే బాధ్యత ఆయనపై పడింది. సింధునది నీరు మట్టితో నిండి త్రాగుటకు అనువుగా లేదు. వడపోత తొట్లు కట్టించే స్తోమత పురపాలక సంఘానికి లేదు. అప్పుడు ఆయన నది ఇసుకనే జల్లెడగా ఎంచుకొన్నారు. నదీగర్భంలో బావి త్రవ్వించి, ఇసుక పొరల గుండా దిగి శుభ్రపడిన నీటిని అక్కడి నుండి పైకి తోడించే ఏర్పాటు చేయించారు. నదితో పోరాడక, నది స్వభావాన్ని తెలిసికొని దాని చేతనే పని చేయించుకొనడం ఈ పథకంలోని కిటుకు. తరువాత ఆయన చేసిన గొప్ప పనులన్నింటిలోను ఈ కిటుకే కనిపిస్తుంది. 1899లో నీరా కాలువ క్రింద ఆయన ప్రవేశపెట్టిన బ్లాకు పద్ధతిలో కూడా, ఉన్న నీటిని మడికట్లవారీగా, పంటమార్పిడితో, ఎక్కువ గ్రామాలకు సమంగా పంచడమే ఉద్దేశం.

ఇక ఆయన పేరు శాశ్వతంగా నిలిపిన స్వయంచాలక తలుపుల సంగతి చెప్పుకొందాం. పూనా నగరానికి, చుట్టుప్రక్కల పొలాలకు నీరందించే ఖడక్‌వాస్లా జలాశయానికి ఆనాడు ఫైఫ్ సరస్సు అని పేరు. ముఠా నదిపై కట్టిన ఆ ఆనకట్టకు మిగులు నీరు పారిపోవడానికి అలుగు ఉండేది. వానకాలంలో అలుగు మీదుగా నీరు కొన్ని అడుగుల ఎత్తున పొర్లిపోయేది. వరద తగ్గిన వెనుక అలుగు అంచు వరకే నీరు మిగిలేది. వేసవిలో మాత్రం నీటికి కటకట. వరద నీరు ఎంత ఎత్తుకు లేచినా ఆనకట్ట ఆ ఒత్తిడిని తట్టుకొంటూనే ఉన్నదన్న విషయం విశ్వేశ్వరయ్యగారి దృష్టిని ఆకర్షించింది. వరద రోజులలో కొన్ని గంటలపాటు మోయగలిగిన నీటిని కట్ట ఏడాది పొడుగునా ఎందుకు నిలుపుకొనరాదు? కట్టను ఎత్తు చేయనవసరం లేదు. అలుగుపై 8 అడుగుల ఎత్తున తలుపులు నిలబెడితే చాలును. దానివలన నిలువ దాదాపు నాలుగవ వంతు పెరుగుతుంది.

అయితే ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. తలుపులు మూసి ఉండగా అర్ధరాత్రి పెద్ద వరద వస్తే ఏమి గతి? పైనున్న కొండలలో ఎప్పుడు, ఎంత వాన కురుస్తుందో ఎవరికీ తెలియదు. ఏటేటా ఒండ్రు చేరడం వలన సరస్సులో ఎంత నీరు పట్టునో కూడా ఖచ్చితంగా చెప్పలేము. గంటకొకసారి మట్టం చూచి రమ్మని కాపలావానిని నియమించవచ్చును. కాని అతడు చూచి వెళ్ళిన పది నిమిషాలకే ఉపద్రవం రావచ్చు. అట్లు కాక ముందుజాగ్రత్తగా తలుపులు తరచు తెరిచి ఉంచితే, నిలుపుకొనదలచిన నీరంతా వృథాగా పారిపోతుంది. చూడవలసిన వేళ చూడకపోవడం, చేయనక్కరలేని వేళ చేయడం అనే రెండు దోషాలూ గడియారాన్ని అనుసరించే కాపలాలో తప్పవు.

విశ్వేశ్వరయ్యగారు గడియారాన్ని ప్రక్కన పెట్టి నీటి మట్టాన్నే ఆజ్ఞాపకునిగా చేశారు. తలుపులకు ఎదురు తూకంగా బరువులు అమర్చారు. నీరు నిర్ణీత మట్టానికి లోపుగా ఉన్నంతకాలం తూకం తలుపును మూసియే ఉంచుతుంది. నీరు ఆ మట్టం దాటగానే, దాటిన ఆ నీరే తూకాన్ని మార్చుతుంది. తలుపు తెరుచుకొని మిగులు నీటిని వదలుతుంది. వరద తీసి మట్టం యథాస్థానానికి రాగానే తూకం మరల పూర్వస్థితికి వచ్చి తలుపు మూసుకొంటుంది. వరద ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియనక్కరలేదు, ఎవరూ పరుగెత్తి రానక్కరలేదు. ప్రమాదమే తన రాకను తానే ప్రకటించి, తన నివారణకు తానే బలం సమకూరుస్తుంది. 1903లో ఖడక్‌వాస్లాలో నెలకొల్పిన ఈ తలుపుల పద్ధతిని తరువాత గ్వాలియరు సమీపాన తిగ్రా ఆనకట్టకు, మైసూరులో కృష్ణరాజ సాగరానికి కూడా స్వీకరించారు. ఈ యంత్ర కల్పనకు ఆయన పేటెంటు పొందినా, కొలువులో ఉండి చేసిన పనికి వేరుగా ప్రతిఫలం పుచ్చుకొనడం న్యాయం కాదని రాయల్టీని నిరాకరించినట్లు చెబుతారు.

విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచింపవలసి ఉన్నది. నేటి నియంత్రణ శాస్త్రంలో ఘటనా ప్రేరిత నియంత్రణ అనే శాఖ ఒకటి విశేషంగా అభివృద్ధి చెందింది. యంత్రాన్ని నిర్ణీత కాలవ్యవధులలో సరిదిద్దడానికి బదులు, దాని స్థితి ఒక హద్దు దాటినపుడు మాత్రమే సరిదిద్దడం ఇందలి మూలసూత్రం. స్వీడన్ దేశపు ఆస్ట్రోమ్, బెర్న్‌హార్డ్‌సన్ అనే శాస్త్రజ్ఞులు 1999లో ఈ రెండు పద్ధతులనూ పోల్చి, కొన్ని వ్యవస్థలలో ఘటనను అనుసరించే పద్ధతియే మేలని గణిత ముఖంగా చూపించారు. 2007లో పాలో తబువాదా, హద్దును ఎట్లా నిర్ణయిస్తే వ్యవస్థ నిలకడ చెడకుండా ఉంటుందో నిరూపించారు. అటుపిమ్మట, లోపలి స్వభావం పూర్తిగా తెలియని వ్యవస్థలకు, బయటి నుండి ఊహించని తాకిడులు తగిలే వ్యవస్థలకు ఈ సూత్రాన్ని విస్తరింపజేస్తూ అనేకులు పరిశోధనలు చేశారు. ఒక సరస్సును తీసికొని చూడండి. ఒండ్రు వలన మారిపోయే దాని లోతే తెలియని స్వభావం. కొండలలో కురిసే వాన బయటి తాకిడి. తలుపు తెరుచుకొనే మట్టమే హద్దు. ఈ శాస్త్రానికి పేరు పెట్టడానికి శతాబ్దానికి ముందే ఒక ఇంజనీరు ఇనుముతోను రాతితోను దాని తొలి పాఠాన్ని నిర్మించి ఉంచారు.

ఆ శాస్త్రం మరి రెండు హెచ్చరికలు కూడా చేస్తుంది. ఒకటి, తెరుచుట మూయుటల నడుమ కొంత వ్యవధి తప్పక ఉండాలి. లేనిచో తలుపు క్షణక్షణమూ కొట్టుకొని తానే పాడవుతుంది. విశాలమైన సరస్సులో మట్టం నెమ్మదిగా మారుతుంది గనుక ఈ చిక్కు అంతగా బాధింపదు. చిన్న తొట్టిలో, వేగంగా తిరిగే యంత్రంలో దీనికి ప్రత్యేకంగా ఏర్పాటు చేయవలసి ఉంటుంది. రెండవ హెచ్చరిక మరింత ముఖ్యమైనది. వచ్చే తాకిడి ఎంతటిదైనా ఒక గరిష్ఠ పరిమితికి లోబడి ఉంటుందన్న భావనపైనే లెక్క అంతా నిలబడుతుంది. ఆ పరిమితిని తక్కువగా ఊహిస్తే ఎంత చక్కని తలుపైనా కాపాడలేదు. ఈ రెండవ హెచ్చరిక ఎంతటి ప్రాణాంతక సత్యమో విశ్వేశ్వరయ్యగారికి హైదరాబాదు చూపించింది.

1908లో ఆయన బొంబాయి ప్రభుత్వ సేవ నుండి విరమించి విదేశ పర్యటనకు వెళ్ళారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. పాత నగరవాసులు నేటికీ తుగ్యానీ అని పిలుచుకొనే ప్రళయం అదే. దాదాపు 15,000 మంది మరణించారు. వేలాది గృహాలు నేలమట్టమయ్యాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నూరుమందికి పైగా ప్రాణాలు నిలిపినట్లు నగరం ఇప్పటికీ చెప్పుకొంటున్నది. ఉర్దూ సాహిత్యంలో రుబాయీలకు ప్రసిద్ధి కెక్కిన అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజున తల్లిని, భార్యను, కుమార్తెను తన కళ్ళ ఎదుటనే పోగొట్టుకొని ఒంటరిగా మిగిలారు. ఆ కవి హృదయంలోని లోతైన వైరాగ్యానికి ఆ నది ఒడ్డే జన్మస్థానం. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో నగరం కోలుకొనడానికి దారి చూపగల ఇంజనీరు కొరకు వెదకిన సర్కారు, ఐరోపాలో ఉన్న విశ్వేశ్వరయ్యగారికి వర్తమానం పంపించింది. ఆయన పర్యటన ముగించుకొని 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరుకొన్నారు.

వరద వచ్చి పోయిన నదిని పరీక్షించడం, నేరస్థుడు వెళ్ళిపోయిన ఇంటిని పరీక్షించడం వంటిది. వాన ఎంత కురిసిందో చెప్పే కొలతలు కొన్ని చోట్లనే ఉన్నాయి. నీరు ఎంత ఎత్తున పారిందో గోడల మీది మరకలే చెప్పాలి. విశ్వేశ్వరయ్యగారు ఆ మరకలను కొలిపించారు. నది అడ్డుకోతలను, వాలును సర్వే చేయించారు. ఇతర ప్రాంతాల భారీ వానల లెక్కలను సేకరించి పోల్చారు. నగరం వద్ద వరద ఉధృతి సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులకు చేరిందని అంచనా కట్టారు. ఆ పరిశీలనలో ఒక భయంకరమైన విషయం తేటపడింది. మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతంలో 700కు పైగా చెరువులు ఉండగా, వాటిలో 200కు పైగా ఆ వానకు గండిపడ్డాయి. పై చెరువు తెగి దిగువ చెరువు మీద పడింది. ఆ రెండింటి నీరు కలిసి మూడవదానిని తెంచింది. గొలుసుకట్టుగా రైతుకు నీరందించిన చెరువులే గొలుసుకట్టుగా తెగి వరదను పెంచాయి. ఆకాశం నుండి వచ్చిన తాకిడికి మనిషి కట్టిన కట్టలే తోడయ్యాయి.

ఆయన నివేదిక 1909 అక్టోబరులో ప్రభుత్వానికి అందింది. ఒడ్డున గోడలు కట్టి నదిని బంధిస్తే సరిపోతుందని ఆయన భావింపలేదు. వరదను నగరం వాకిట కాక, నగరానికి ఎగువనే ఎదుర్కొనాలని సూచించారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద మరొకటిగా రెండు పెద్ద జలాశయాలు కట్టి, వరద ఉధృతిని అక్కడ కొంతసేపు ఆపుకొని, దిగువ నది క్షేమంగా మోయగలిగినంత నీటినే వదలాలన్నది పథకం. నగరంలో ఒడ్డులను ఎత్తుచేసి అక్కడ ఇళ్ళకు బదులు ఉద్యానవనాలు, విశాలమైన దారులు ఉండాలన్నారు. మురుగునీటి పారుదలకు కూడా సమగ్రమైన పథకం వేసి ఇచ్చారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఈ సూచనలు కార్యరూపం దాల్చాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మూసీ మీది ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీ మీది హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయ్యాయి. హిమాయత్ సాగర్ నిర్మాణంలో ప్రముఖపాత్ర వహించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్, అనంతరం మంజీరానదిపై నిజాం సాగర్‌ను కూడా నిర్మించారు. ఆయన జన్మదినమైన జూలై 11వ తేదీని తెలంగాణ రాష్ట్రం ఇంజనీర్ల దినోత్సవంగా పాటిస్తున్నది. ముద్దెనహళ్ళిలో పుట్టిన పండితుని కుమారుడు గీసిన పథకాన్ని హైదరాబాదు నవాబు రాతిలో నిలబెట్టడం ఈ నగర చరిత్రలో ఒక చక్కని ఘట్టం. నగరవాసులు తరతరాలుగా త్రాగిన గండిపేట నీరు ఆ వరద నివారణ పథకం ప్రసాదించిన అదనపు వరమే.

హైదరాబాదు పని ముగియగానే 1909 చివర ఆయన మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరు పదవి స్వీకరించారు. కావేరీ నదిపై కృష్ణరాజ సాగర నిర్మాణం 1911లో ప్రారంభమయింది. ఇంతటి వ్యయం సంస్థానం భరింపగలదా అన్న శంకలను ఆయన అంకెలతోనే తీర్చారు. 1912లో మహారాజా నాల్వడి కృష్ణరాజ వొడయరు ఆయనను దివానుగా నియమించారు. ఆరేళ్ళ దివానుగిరిలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, భద్రావతి ఇనుప కర్మాగారం మొదలైన సంస్థలకు పునాదులు పడ్డాయి. 1915లో బ్రిటిషు ప్రభుత్వం సర్ బిరుదంతో సత్కరించింది.

మహనీయుల జీవితాలలోని భిన్నాభిప్రాయాలను దాచిపెట్టడం వారికి గౌరవం కాదు. వెనుకబడిన వర్గాలవారికి ప్రభుత్వోద్యోగాలలో ప్రత్యేకించి స్థానాలు కేటాయించాలన్న మహారాజు అభిప్రాయంతో విశ్వేశ్వరయ్యగారు ఏకీభవింపలేదు. ప్రతిభ ఒక్కటే ప్రమాణంగా ఉండాలన్నది ఆయన నిశ్చయం. ఈ విభేదం నేపథ్యంలో 1918లో ఆయన దివాను పదవిని వదలుకొన్నారు. నీటిని సమంగా పంచడానికి బ్లాకు పద్ధతిని కల్పించిన మేధావి, అవకాశాలు ఎగుడుదిగుడుగా ఉన్న సమాజంలో ప్రతిభ కూడా సమంగా వికసింపదన్న వాదనను అంగీకరింపలేకపోయారు. ఈ విషయంలో స్వతంత్ర భారత రాజ్యాంగం మహారాజు దారినే పట్టింది. అయినను, తాను నమ్మని విధానాన్ని అమలు జరుపుతూ పదవిలో కొనసాగడం కన్న పదవిని త్యజించడమే మేలని ఎంచిన ఆయన నిజాయితీని ఎవరూ శంకింపలేదు.

పదవీ విరమణానంతరం నాలుగు దశాబ్దాలకు పైగా ఆయన విశ్రాంతి ఎరుగక కృషి చేశారు. 1934లో దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థ ఆవశ్యకతను వివరిస్తూ గ్రంథం రచించారు. తొంబదియేళ్ళ ప్రాయంలో, 1951లో, తన వృత్తి జీవిత స్మృతులను ప్రకటించారు. 1955లో భారతరత్న పురస్కారం లభించింది. వేళ తప్పకపోవడం, దుస్తులలో శుభ్రత, లెక్కలలో ఖచ్చితత్వం ఆయన చివరివరకు పాటించిన నియమాలు.

ఆయన జీవిత సంధ్యలో జరిగిన ఒక దుర్ఘటన చెప్పక ఈ చరిత్ర పూర్తి కాదు. 1961 జూలై 12వ తేదీన పూనాకు ఎగువన కొత్తగా కడుతున్న పాన్‌షెట్ ఆనకట్ట తెగిపోయింది. ఆ జలరాశి అంతా ఒక్కపెట్టున వచ్చి దిగువనున్న ఖడక్‌వాస్లాపై పడింది. అర్ధశతాబ్దికి పైగా వరదలను తట్టుకొన్న ఆ పాత కట్ట కూడా తెగి, పూనా నగరం నీట మునిగింది. ఖడక్‌వాస్లా తలుపులను ముఠానది వరదకు అనుగుణంగా నిర్మించారు గాని, మరొక ఆనకట్ట మొత్తంగా తెగివచ్చి మీద పడుతుందన్న లెక్కతో కాదు. పై కట్ట తెగి క్రింది కట్టను తెంచడం అనే ఆపదను యాభైరెండేళ్ళ క్రితమే హైదరాబాదు చెరువులలో విశ్వేశ్వరయ్యగారు కొలిచి చూపించారు. ఆ పాఠం నివేదికలో ఉన్నది. నదికి మాత్రం నివేదికతో పని లేదు, దానిని చదివి జాగ్రత్తపడవలసినది మనిషి. మరుసటి సంవత్సరం, 1962 ఏప్రిల్‌లో, నిండు నూరేళ్ళు జీవించిన ఆ కర్మయోగి బెంగుళూరులో పరమపదించారు.

ఆయన వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ పాఠాన్ని మన నగరం మరల మరల చదువుకోవలసి వస్తున్నది. 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి పాతనగరం వైపున పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు జలమయమయ్యాయి. 1908 నాటి వరదతో పోలిస్తే అది చిన్నదే. కాని కారణం మాత్రం ఆనాటి దానికి చుట్టమే. చెరువు గర్భంలో ఇల్లు కట్టినవారు చెరువు పట్టే నీటిని తగ్గించారు. అలుగు వాగును పూడ్చినవారు తలుపు తెరుచుకొన్నా నీరు పోయే దారి లేకుండా చేశారు. నియంత్రణ శాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ఒకవైపు తాకిడిని పెంచుతూ, మరొకవైపు తట్టుకొనే హద్దును కుదించుకొంటున్నాము. ఇట్టి పరిస్థితిలో తలుపు ఎంత తెలివైనదైనా ప్రయోజనం స్వల్పం. ఎగువ జలాశయాలతో పాటు నది ఒడ్డున ఖాళీ స్థలం కూడా కావాలని 1909 నివేదిక అడగడంలోని ఆంతర్యం ఇదే. యంత్రం చేయగలిగినది యంత్రానికి అప్పగించి, యంత్రం హద్దు దాటే నాటికి నదికి దానికంటూ కొంత చోటు మిగిల్చి ఉంచాలన్నది ఆయన దూరదృష్టి.

విద్యార్థి మిత్రులు ఈ జీవితం నుండి గ్రహింపదగినవి ఎన్నో ఉన్నా, మూడింటిని విశేషంగా మనసున ఉంచుకొనవచ్చును. అనవసరంగా కదలకుండా, అవసరమైన క్షణాన ఆలసింపకుండా ఉండడానికి ముందుగా హద్దు ఎక్కడున్నదో స్పష్టంగా నిర్ణయించుకోవాలి. తెలియని దానిని తెలియదని ఒప్పుకొని, దానికి తగినంత చోటు లెక్కలో విడిచిపెట్టాలి. తన నిర్మాణం ఎంతవరకు కాపాడగలదో, ఆ తరువాత ఏమి చేయవలెనో ముందే లోకానికి చెప్పి ఉంచాలి. ఇంజనీరు కాగోరే విద్యార్థికి ఇవి వృత్తి ధర్మాలు. ఇతరులకు ఇవే జీవన ధర్మాలు. గండిపేట కట్టపై నిలబడి నీటిని చూచేవారికి అటు మూసీ సౌందర్యమూ, ఇటు నగర విస్తారమూ కనిపిస్తాయి. ఆ రెండింటి నడుమ నిలిచిన రాతికట్ట వెనుక, 1909 వేసవిలో గోడల మీది వరద మరకలను ఓపికతో కొలిపించిన ఒక మనిషి శ్రమ ఉన్నది. ఆ కొలతలను మరువకుండా ఉండడమే ఆయనకు మనము సమర్పింపగల నిజమైన నివాళి.